32 ఫోర్డ్ రోడ్‌స్టర్ గ్యారేజ్ డైరీ: గీత చెడకుండా బండి కట్టడం

ఫిబ్రవరి 24, 2024, శనివారం

బండి ఇంటికొచ్చి ఇవాళ్టికి నాలుగు నెలలు. ఇన్నాళ్లూ ఫోన్లో ఫోటోలు తీసి వదిలేశాను, ఇక రాసి పెట్టకపోతే ఏ బోల్టు ఎందుకు మార్చానో నాకే గుర్తుండేలా లేదు, అందుకే ఈ డైరీ.

ముందు బండి సంగతి. ఇక్కడ ఒహాయోలో, మా ఊరికి గంట దూరంలో ఒకాయన సగంలో ఆపేసిన స్ట్రీట్ రాడ్ అమ్మకానికి పెట్టాడు. 1932 ఫోర్డ్ రోడ్‌స్టర్ (పైకప్పు తెరిచి ఉండే కారు) ఆకారంలో ఫైబర్ బాడీ, కొత్తగా కట్టిన బాక్స్ ఛాసీ (కింది ఇనుప చట్రం), ముందు యాక్సిల్ (ఇరుసు), 9 అంగుళాల ఫోర్డ్ రియర్ యాక్సిల్, రెండు అట్టపెట్టెల నిండా సామాను, 1989 ఫోర్డ్ మస్టాంగ్ కారు నుంచి తీసిన 5.0 ఇంజను, దానికి టీ5 అనే ఐదు గేర్ల గేర్‌బాక్స్. అంటే ఇందులో 1932 నాటి ముక్క ఒక్కటి కూడా లేదు. అది తెలిసే కొన్నాను. పాత బండిని ఉన్నదున్నట్టు బాగుచేయడం వేరే పని, దాన్ని రిస్టోరేషన్ అంటారు. స్ట్రీట్ రాడ్ అంటే రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నాటి రూపం, ఇప్పటి ఇంజను, ఇప్పటి బ్రేకులు, కుటుంబాన్ని ఎక్కించుకుని రోడ్డు మీద తిప్పగలిగే బండి.

మరి 32 ఫోర్డే ఎందుకంటే, వీళ్లు ముద్దుగా డ్యూస్ అని పిలిచే ఈ బండిలో నాకు కనిపించేది ఒక గీత. రేడియేటర్ గ్రిల్ షెల్ దగ్గర మొదలై, బోనెట్ పక్క మీదుగా, తలుపు మీదుగా, వెనక్కి తిరిగి డిక్కీ చుట్టూ పోయే సన్నని ఉబ్బు గీత. దాని కింద ఛాసీ రెయిలు (పొడవాటి పక్క కమ్మీ) మీద కూడా అచ్చు కొట్టిన ఇంకో గీత. మామూలుగా ఛాసీని రేకు వేసి దాచేస్తారు, 32లో మాత్రం దాచలేదు, ఛాసీ పక్కభాగాన్నే బాడీలో భాగంగా చూపించారు. హెన్రీ ఫోర్డ్ ధ్యాసంతా ఆ ఏడాది వీ8 ఇంజను మీద ఉంది. ఆ రోజుల్లో 221 ఘనపు అంగుళాలు, 65 హార్స్‌పవర్, సామాన్యుడు కొనగలిగే ధరలో వీ8 అంటే చిన్న విషయం కాదు. రూపం మీద మనసు పెట్టింది ఆయన కొడుకు ఎడ్సెల్. చక్రానికి చక్రానికి మధ్య 106 అంగుళాలే, కానీ ఎక్కడా కుదించినట్టు అనిపించదు. తర్వాత కుర్రాళ్లు మడ్‌గార్డులు పీకేసి, బరువు తగ్గించి, కాలిఫోర్నియా ఎండు సరస్సుల మీద పరిగెత్తించినప్పుడు ఆ ఛాసీ గీత ఇంకా బాగా బయటపడింది. మడ్‌గార్డులు లేకుండా, బాడీని ఛాసీ మీదే కూర్చోబెట్టి కట్టిన బండిని హైబాయ్ అంటారు. నేను కట్టేది అదే.

నేను పెట్టుకున్న షరతు ఒక్కటే. లోపల ఏం మార్చినా సరే, బయటి నుంచి చూస్తే ఆ గీతకి ఏదీ అడ్డం రాకూడదు.

మార్చి 9, శనివారం

ముందు యాక్సిల్ పని. మస్టాంగ్ 2 తరహా ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ప్రతి చక్రం విడిగా ఊగేది) వేయమని చాలామంది సలహా ఇచ్చారు, రోడ్డు మీద మెత్తగా పోతుందన్న మాట నిజమే. కానీ మడ్‌గార్డులు లేని బండిలో ఆ చేతులు, స్ప్రింగులు, రాక్ అన్నీ బయటికి వేలాడుతూ కనబడతాయి, గ్రిల్ కింద ఒక గుంపు నిలబడ్డట్టు ఉంటుంది. నాలుగు అంగుళాలు కిందికి వంచిన ఐ-బీమ్ యాక్సిల్, దాని మీద అడ్డంగా ఒక కమాను కట్ట, అంతే చాలు. ముందు నుంచి చూస్తే గ్రిల్, యాక్సిల్, రెండు చక్రాలు తప్ప మరేమీ కనిపించకూడదు.

కాకపోతే ఈ అమరికలో ఒక చిక్కుంది. స్టీరింగ్ బాక్స్ ఎడమ రెయిలు మీద ఉంటుంది, అక్కడి నుంచి డ్రాగ్ లింక్ అనే కడ్డీ అడ్డంగా కుడి చక్రం దాకా వెళ్తుంది. కమాను కట్ట కొసల్లో షాకిల్స్ అనే చిన్న బద్దలు ఊగుతాయి కదా, స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగే ముందు యాక్సిల్ మొత్తం పక్కకి జరుగుతుంది. యాక్సిల్ అలా జరక్కుండా పట్టే కడ్డీ, పాన్‌హార్డ్ బార్, అమ్మినాయన వేశాడు గానీ పొట్టిది వేశాడు, అదీ ఏటవాలుగా. ఛాసీ ముందు భాగాన్ని జాకీతో మూడు అంగుళాలు పైకీ కిందికీ ఆడించి చూస్తే చక్రాలు వాటంతట అవే తిరుగుతున్నాయి. గతుకు తగిలినప్పుడల్లా బండి దానంతట అదే దారి మార్చుకుంటుందన్నమాట. ఇలాంటి దాంట్లో మా అమ్మాయిని కూర్చోబెట్టను.

పరిష్కారం తేలికే, కొలత మాత్రం జాగ్రత్త. పాన్‌హార్డ్ బార్ పొడవు డ్రాగ్ లింక్ పొడవుకి సమానంగా ఉండాలి, రెండూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి, అప్పుడు రెండూ ఒకే వంపులో ఊగుతాయి. బ్రాకెట్ కోసి కొత్త చోట టాక్ వెల్డ్ పెట్టి, మళ్లీ జాకీ ఆడించాను. చక్రానికి కట్టిన లేజర్ గీత గోడ మీద ఇంతకుముందు అడ్డంగా పరిగెత్తేది, ఇప్పుడు నిలువుగా లేచి దిగుతోంది. కాస్టర్, అంటే చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం, ఆరు డిగ్రీలు పెట్టాను. పూర్తి వెల్డింగ్ రేపు.

మార్చి 23, శనివారం

తలుపులు. ఈ రెండు వారాంతాలూ వీటికే పోయాయి, రాయాల్సింది చాలా ఉంది.

డ్రైవర్ పక్క తలుపు పైన గ్యాప్ దాదాపు 9 మిల్లీమీటర్లు, కింద 3. గీత సంగతి చెప్పక్కర్లేదు, తలుపు మీది ఉబ్బు వెనక బాడీ మీది ఉబ్బుకి పావు అంగుళం కిందికి ఉంది. నేను కొనడానికి ముందే ఆయన తలుపు అంచుని గ్రైండర్‌తో అరగదీసి, ఫిల్లర్ పూసి, మళ్లీ అరగదీసి ఉన్నాడు. ఫైబర్ నార బయటికి కనబడుతోంది. మొదట నేనూ అదే దారిలో వెళ్లాను, హింజులు విప్పడం, షిమ్ (పల్చటి రేకు ముక్క) వేయడం, బిగించడం. పైన సరిపోతే కింద పట్టేసేది.

ఆదివారం పొద్దున నాన్నతో వీడియో కాల్‌లో తలుపు చూపించాను. నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీ బాడీలు కట్టారు. చిన్నప్పుడు సెలవుల్లో షెడ్డుకి వెళ్తే, ఎన్నూరు నుంచి వచ్చిన లేలాండ్ ఛాసీలు వరసగా ఉండేవి, బాడీ లేదు, క్యాబిన్ లేదు, ఒక సీటు, ఒక స్టీరింగ్. తలకి తువ్వాలు చుట్టుకున్న డ్రైవర్లు అంత దూరం వాటి మీదే వచ్చేవాళ్లు. ఆ ఛాసీ మీద చెక్క, రేకు వేసి క్యాబిన్ నిలబెట్టడం నాన్న పని.

ఫోన్ అటూ ఇటూ తిప్పించుకుని చూసి, "ఏరా, తలుపుని ఎందుకు చంపుతున్నావు? తలుపు కాదు వంకర, బాడీ కూర్చున్న చోటు వంకర. ముందు కౌల్ కింద చూడు, వెనక డిక్కీ కింద చూడు. రెండు కొసలూ జారితే మధ్యలో ఉన్న ద్వారం పైన నోరు తెరుస్తుంది" అన్నారు.

కౌల్ అంటే విండ్‌షీల్డ్ కింద, తలుపుల ముందు ఉండే బాడీ భాగం. వెళ్లి బోల్టులు వదులు చేసి చూస్తే అక్షరాలా అదే. మధ్య మౌంట్ల (బాడీని ఛాసీకి బిగించే చోట్ల) కింద రబ్బరు ప్యాడ్లు మందంగా ఉన్నాయి, కౌల్ కింద, వెనక చివర పల్చటివి. ఫైబర్ బాడీ కాబట్టి బోల్టు బిగించగానే రెండు కొసలూ కిందికి వంగిపోతున్నాయి. కౌల్ మౌంటు కింద ఎనిమిదో వంతు అంగుళం షిమ్ ఒకటి పెట్టి బిగించాను. పైన గ్యాప్ 9 నుంచి 6కి వచ్చింది, తలుపుని అసలు ముట్టుకోకుండానే. వెనక ఇంకో పల్చటి షిమ్ పెడితే 5.

గ్యాప్ కొలవడానికి నాన్న చెప్పిన పద్ధతే వాడాను. పాత హాక్సా బ్లేడ్లు ఎనిమిది కలిపి టేపు చుడితే సుమారు 5 మిల్లీమీటర్ల కట్ట అవుతుంది. దాన్ని తలుపు చుట్టూ జరుపుకుంటూ పోవాలి, ఎక్కడ పట్టేస్తే అక్కడ పెన్సిలు గుర్తు, ఎక్కడ వదులైతే అక్కడ ఇంకో గుర్తు. చేతి వేళ్లకి తెలిసినంతగా కంటికి తెలియదు. రెండు రోజులు పట్టింది, చివరికి డ్రైవర్ పక్క ఆ కట్ట పై నుంచి కింద దాకా ఒకే బిగువుతో జారింది. తర్వాత హింజుని కొద్దిగా పైకి లేపితే ఉబ్బు గీత కూడా కలిసింది. గ్యారేజ్ లైట్లు ఆపేసి, టార్చ్ నేల దగ్గర పెట్టి ఆ గీత వెంట చూశాను, నీడ ఎక్కడా తెగలేదు. ఎంత సంతోషం వేసిందో రాయడం నా వల్ల కాదు.

ఎవరైనా ఫైబర్ బాడీ మొదలుపెడితే ఒక్కటి చెప్తాను, ఏ ఛాసీ మీద శాశ్వతంగా ఉంటుందో ఆ ఛాసీ మీదే, బోల్టులన్నీ పూర్తిగా బిగించి, అప్పుడే తలుపుల పని ముట్టుకోండి. స్టాండ్ మీద పెట్టి సరిచేసిన గ్యాపు ఛాసీ ఎక్కగానే పోతుంది.

ఏప్రిల్ 9, మంగళవారం

ఉగాది. నిన్న సంపూర్ణ సూర్యగ్రహణం మా ఇంటి ముందు నుంచే కనిపించింది, వీధంతా బయటికొచ్చి నిలబడ్డారు. ఇవాళ పచ్చడి తిన్నాక ప్యాసింజర్ తలుపు లాచ్ ఒక్కటి బిగించాను, పండగ పూట చేయి ఖాళీగా ఉంచడం ఎందుకని. వేరే పనేమీ లేదు.

ఏప్రిల్ 27, శనివారం

ఇంజను. ఇది 5.0 హెచ్‌ఓ (హై ఔట్‌పుట్), అంటే 302 ఘనపు అంగుళాలు, 1989లో 225 హార్స్‌పవర్. డ్యూస్‌లో చాలామంది షెవర్లే 350 వేస్తారు, దొరకడం సులువు, సామాను చవక. ఫోర్డ్ బాడీలో ఫోర్డ్ ఇంజనే ఉండాలన్నది నా పట్టుదల, దానికి ఒక లాభం కూడా ఉంది. ప్లగ్గులకి వరసగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ షెవర్లేలో వెనక ఉంటుంది, దానికోసం ఫైర్‌వాల్‌ని (ఇంజనుకీ మనకీ మధ్య గోడని) లోపలికి కోయాల్సి వస్తుంది, కాళ్ల దగ్గర చోటు పోతుంది. ఫోర్డ్‌లో డిస్ట్రిబ్యూటర్ ముందుంటుంది, ఫైర్‌వాల్ జోలికి పోనక్కర్లేదు.

కానీ మస్టాంగ్ ఫ్యూయల్ ఇంజెక్షన్ మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే గొట్టాల దిమ్మ) ఎత్తు ఎక్కువ. బోనెట్ మూత వేస్తే రెండున్నర అంగుళాలు పైకి లేచి నిలబడింది. బోనెట్‌కి కన్నం కోస్తే అయిపోతుందన్నాడు పక్కింటాయన. నేను కోయను, ఆ బోనెట్ మీద నుంచే కదా గీత పోయేది. కాబట్టి ఇంజెక్షన్ తీసేసి పొట్టి మానిఫోల్డ్, నిమిషానికి 600 ఘనపు అడుగుల గాలి పట్టే నాలుగు బారెళ్ల కార్బ్యురేటర్ వేస్తున్నాను.

ఒకటి మార్చితే నాలుగు మార్చాలి. ఇంజెక్షన్ పెట్రోలు పంపు ప్రెజరు 39 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాకా ఉంటుంది, కార్బ్యురేటర్‌కి ఆరేడు చాలు, కాబట్టి వేరే పంపు. మస్టాంగ్ డిస్ట్రిబ్యూటర్ కంప్యూటర్ లేకపోతే అడ్వాన్స్ ఇవ్వదు, అంటే వేగం పెరిగేకొద్దీ స్పార్క్‌ని ముందుకి జరపదు, కాబట్టి పాతరకం డిస్ట్రిబ్యూటర్. ఇక్కడ తొందరపడితే ఇంజనే పోతుంది: ఈ హెచ్‌ఓలో వాల్వులు తెరిచేది రోలర్ క్యామ్, అది ఉక్కుది, పాత డిస్ట్రిబ్యూటర్ అడుగున ఉండే పోత ఇనుము గేరుని తినేస్తుంది. ఉక్కు గేరు తెప్పించి మార్చాను. ఫ్లైవీల్ కూడా చూసుకున్నాను, ఈ కాలపు 302కి 50 ఔన్సుల బ్యాలెన్స్‌ది వేయాలి, 1981కి ముందువాటి 28 ఔన్సులది వేస్తే వణుకు ఆగదు.

ముందు వెడల్పాటి సర్పెంటైన్ బెల్టు (అన్ని పుల్లీలనీ చుట్టే ఒకే బెల్టు), దాని చుట్టూ ప్లాస్టిక్ పుల్లీలు కూడా తీసేసి రెండు వీ-బెల్టులు వేశాను. బోనెట్ పక్క రేకులు తీసి తిప్పినప్పుడు ఇంజను పాతదిగా కనబడాలి.

మే 11, శనివారం

ఇవాళ మొదటిసారి సెల్ఫ్ కొట్టాను. ఆయిల్ పంపుని డ్రిల్లుతో తిప్పి ముందే ప్రెజరు తెచ్చుకున్నాను, పెట్రోలు వచ్చింది, స్పార్క్ వచ్చింది, టైమింగ్ 10 డిగ్రీలు. అమ్మాయి మంటలార్పే సిలిండర్ పట్టుకుని నిలబడింది.

ఇంజను తుమ్మింది. కార్బ్యురేటర్ నోట్లోంచి మంట, సైలెన్సర్ లోంచి ఫట్ ఫట్ అని చప్పుడు, నాలుగు సెకన్లు వణికి ఆగిపోయింది. డిస్ట్రిబ్యూటర్ కాస్త ముందుకీ వెనక్కీ తిప్పి మళ్లీ కొట్టాను, అదే వరస. పక్కింటి కుక్క మొరగడం మొదలుపెట్టింది. టెన్షన్‌తో చేతులు చెమటలు పట్టాయి, వాల్వు వంగిందేమోనని కంప్రెషన్ చూస్తే ఎనిమిది సిలిండర్లూ బాగానే ఉన్నాయి.

గంటన్నర తర్వాత దొరికింది. ఏ సిలిండర్ తర్వాత ఏది పేలాలో ఆ వరసలో ప్లగ్ వైర్లు పెట్టాలి, నేను పాత 302 పుస్తకం చూసి పెట్టాను: 1-5-4-2-6-3-7-8. హెచ్‌ఓకి క్యామ్ వేరు, దాని వరస 1-3-7-2-6-5-4-8, అంటే ఫోర్డ్‌దే ఇంకో ఇంజను 351 విండ్సర్ వరస. బయటి నుంచి చూస్తే రెండూ ఒకే ఇంజను, వాల్వ్ కవర్ మీద ఎక్కడా రాసి ఉండదు. నాలుగు వైర్లు మార్చాను. కీ తిప్పగానే అందుకుంది, నిలకడగా, గ్యారేజ్ అద్దాలు అదిరేంత గొంతుతో. అమ్మాయి సిలిండర్ కింద పెట్టి చెవులు మూసుకుని నవ్వుతోంది. ఆ కొత్త వరసని పెయింట్ పెన్నుతో మానిఫోల్డ్ లోపలి వైపు రాసి పెట్టాను.

మే 25, శనివారం

పని లేదు, ఊళ్లో చిన్న కార్ల కూడిక ఉంటే వెళ్లాం. అక్కడ ఒక ఊదారంగు ప్లిమత్ ప్రౌలర్ చూశాను, 1997ది. ఒక పెద్ద కంపెనీ తన ఫ్యాక్టరీలోనే స్ట్రీట్ రాడ్ చేసి అమ్మింది, ఎక్కువభాగం అల్యూమినియంతో, 2002 దాకా. వీ8 లేదు, 3.5 లీటర్ల వీ6, ఆటోమేటిక్ గేర్లే, అదే అందరికీ కోపం. నాకు మాత్రం గౌరవం కలిగింది. ముందు చక్రాలు బయటికి తెరిచి, ముక్కు సన్నగా చేసి, బాడీని వెనక్కి వెడల్పు చేసిన తీరు చూస్తే, డ్యూస్‌ని ప్రేమించినవాళ్లు గీసిందని తెలిసిపోతుంది. మనసు ఒప్పనిది బంపర్ల దగ్గరే. ముందు రెండు పక్కలా ఉన్న ఆ బూడిదరంగు బంపర్లు ముక్కు గీతని తెంచేస్తాయి. రూల్స్ కోసం పెట్టి ఉంటారు. చాలామంది ఓనర్లు వాటిని తీసేస్తారట.

జూన్ 8, శనివారం

హీటెక్కుతోంది. రెండు వారాలుగా ఇదే గొడవ.

గ్యారేజ్ బయట నిలబెట్టి పది నిమిషాలు నడిపితే ముల్లు 230 ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటుతోంది, థర్మోస్టాట్ 180ది. డ్యూస్‌లో హీటు సమస్య మామూలేనంటారు. గ్రిల్ షెల్ ఎంత ఉందో రేడియేటర్ అంతే ఉండాలి, దాని వెనక ఫ్యాన్‌కి చోటు తక్కువ. అందుకని అందరూ చెప్పినవే చేశాను. థర్మోస్టాట్ మార్చాను, గాలి బుడగలు పోయేదాకా ముందు భాగం జాకీ మీద ఎత్తి నీళ్లు నింపాను, ఫ్యాన్ చుట్టూ ష్రౌడ్ (గాలి పక్కకి పోకుండా తొడుగు) కట్టాను. పది డిగ్రీలు కూడా తగ్గలేదు. ఇంకా మందం రేడియేటర్ వేయాలంటే గ్రిల్ షెల్‌ని ముందుకి జరపాలి, అప్పుడు బోనెట్ పొడవు మారుతుంది, ముఖమే మారిపోతుంది. ఆ పని మాత్రం చేయలేను అనుకుంటూ కూర్చున్నాను.

రేడియేటర్ మూత తీసి లోపలికి చూస్తున్న అమ్మాయి, "డాడీ, నీళ్లు అసలు కదలట్లేదేంటి?" అంది. ఆక్సిలరేటర్ పెంచి చూశాను. నిజమే, థర్మోస్టాట్ తెరుచుకున్నాక కూడా పై ట్యాంకులో నీళ్లు బద్ధకంగా తిరుగుతున్నాయి, ప్రవాహం లేదు.

అప్పుడు వెలిగింది. మస్టాంగ్‌లో సర్పెంటైన్ బెల్టు వీపు వాటర్ పంపుని తిప్పుతుంది, అందుకే ఆ పంపు క్రాంక్‌కి (ఇంజను ప్రధాన ఇరుసుకి) వ్యతిరేక దిశలో తిరిగేలా చేశారు. నేను వీ-బెల్టులు వేశాను కదా, అవి పంపుని క్రాంక్ తిరిగే దిశలోనే తిప్పుతున్నాయి. అంటే రెక్కల వంపుకి ఎదురు. పంపు విప్పి బల్ల మీద పెట్టి, వేలితో రెక్కలు తిప్పి చూస్తే స్పష్టంగా తెలుస్తోంది. మామూలు దిశ పంపు తెచ్చి వేసి, సాయంత్రం ఎండలోనే అరగంట నడిపాను. ముల్లు 185 దగ్గర ఆగి కదల్లేదు. రేడియేటర్ అదే, గ్రిల్ షెల్ అక్కడే.

జూన్ 22, శనివారం

బండి కదిలింది. ఇంకా నంబరు లేదు కాబట్టి రోడ్డెక్కలేదు. స్నేహితుడి పొలం దగ్గర అరమైలు సొంత కంకర దారి ఉంది, ట్రెయిలర్ మీద తీసుకెళ్లాం. విండ్‌షీల్డ్ లేదు, రంగు లేదు, సీటు స్థానంలో ప్లైవుడ్ పలక మీద నురుగు. తలకి తువ్వాలు చుట్టుకున్నాను. మొదటి గేరు నిష్పత్తి 3.35, క్లచ్ వదలగానే వెనక చక్రాలు కంకర చిమ్మాయి.

గతుకుల్లో స్టీరింగ్ చేతిలో నిలకడగా ఉంది, మార్చిలో ఆ పాన్‌హార్డ్ బార్ మీద పెట్టిన రెండు రోజులూ అక్కడే వసూలయ్యాయి. బ్రేకు కొడితే కొద్దిగా ఎడమకి లాగుతోంది. మూడో గేరు దాకానే వెళ్లాను. హైవే మీద ఐదో గేరులో, 3.50 రియర్ యాక్సిల్ నిష్పత్తితో, 29 అంగుళాల టైరుతో లెక్క కడితే 65 మైళ్ల వేగానికి ఇంజను నిమిషానికి 1800 తిరుగుడు దగ్గర ఉండాలి. కెంటకీలోని లూయివిల్‌లో ఆగస్టులో జరిగే స్ట్రీట్ రాడ్ నేషనల్స్ అనే కూడికకి వచ్చే ఏడాది ట్రెయిలర్ లేకుండా నడుపుకుంటూ వెళ్లాలని ఉంది, ఆ 200 మైళ్ల కోసమే ఓవర్‌డ్రైవ్ (ఇంజను నెమ్మదిగా తిరిగే పై గేరు) ఉన్న గేర్‌బాక్స్ అట్టేపెట్టింది.

నాన్నకి వీడియో పంపితే ఇంజను చప్పుడు గురించి ఒక్క మాట అనలేదు. "కంకర్లో తిప్పావుగా, తలుపు గ్యాపు మళ్లీ కొలిచావా?" అని అడిగారు. కొలిచాను. డ్రైవర్ పక్క బ్లేడ్ల కట్ట అలాగే జారింది, ప్యాసింజర్ పక్క పైన ఒక బ్లేడు మందం వదులైంది.

జూన్ 29, శనివారం

ఆ వదులు ఎక్కడిదంటే వెనక కుడి మౌంట్ బోల్టు అర చుట్టు వదిలింది. బిగించి, లాక్ నట్టు వేసి, పెన్సిలు గుర్తు పెట్టాను.

ఎడమకి లాగడానికి కారణం ఎడమ కాలిపర్ (బ్రేకుని బిగించి పట్టే భాగం) కాదు, కుడిదే. పిన్ను పొడిగా పట్టేసి ఉంది, గ్రీజు పెట్టాక రెండూ సమానంగా పట్టుకుంటున్నాయి. టో ఇన్ (ముందు చక్రాలు లోపలికి తిరిగి ఉండే కొలత) ఎనిమిదో వంతు అంగుళానికి తెచ్చాను.

ఇక కాగితాలు. ఒహాయోలో ఇలా సొంతంగా కట్టిన బండిని స్టేట్ హైవే పట్రోల్ వాళ్లు తనిఖీ చేస్తే గానీ టైటిల్ (యాజమాన్య పత్రం) రాదు, ఏ భాగం ఎక్కడ కొన్నామో రసీదులు చూపించాలి. బాడీ, ఛాసీ, ఇంజను, గేర్‌బాక్స్, రియర్ యాక్సిల్ రసీదులు ఒక ఫైల్లో వరసగా పెట్టాను. మస్టాంగ్ ఇంజను తాలూకు కాగితం అమ్మినాయన దగ్గరే ఉండిపోయింది, ఫోన్ చేస్తే సోమవారం వెతికి ఇస్తానన్నాడు. ఈలోగా విండ్‌షీల్డ్ స్టాంచియన్లు (అద్దాన్ని నిలబెట్టే కాళ్లు) బిగించాలి, వైపర్ మోటారు ఎక్కడ దాచాలో చూడాలి. కౌల్ పైన పెడితే బయటికి కనబడుతుంది కాబట్టి డాష్ కిందే చోటు చేయాలి, రేపు పొద్దున అట్టముక్కతో నమూనా కోసి చూస్తాను.